స్క్రీన్ పోయినా బిల్లు పోకూడదు

చిరంజీవి అమ్ములుకి బాబాయ్ ఆశీస్సులు.

నువ్వు పంపిన మందుల షాపు బిల్లింగ్ ప్రాజెక్టు తెరిచి, నడిపి చూశాను. అందరూ బ్రౌజర్ వెంటపడుతుంటే నువ్వు డబ్ల్యూపీఎఫ్ (విండోస్‌లో నడిచే ప్రోగ్రాంల తెరలు కట్టే మైక్రోసాఫ్ట్ సరంజామా) పట్టుకున్నావని ఎవరైనా ఎగతాళి చేస్తే పట్టించుకోకు. నెట్ పోయినా మందుల షాపు కౌంటర్ దగ్గర బిల్లు ఆగకూడదు కదా. డబ్ల్యూపీఎఫ్ 2006లో వచ్చిందే అయినా, 2018 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ దాన్ని ఓపెన్ సోర్స్ చేసింది. మైక్రోసాఫ్ట్ ప్రోగ్రాంల వేదిక డాట్‌నెట్ కొత్త వెర్షన్లలోనూ నడుస్తోంది.

స్క్రీన్ మారినప్పుడల్లా విండో ఎందుకు మెరుస్తోంది, ప్రోగ్రాం మూసేసినా టాస్క్ మేనేజర్‌లో ఎందుకు మిగులుతోంది అని అడిగావు. రెండింటికీ కారణం ఒక్కటే. స్టాకు నొక్కితే కొత్త విండో తెరుస్తున్నావు, పాతదాన్ని హైడ్ చేస్తున్నావు. హైడ్ చేసినంత మాత్రాన విండో మూసినట్టు కాదు. డబ్ల్యూపీఎఫ్ అప్లికేషన్ మామూలుగా ఆఖరి విండో మూసినప్పుడే ఆగుతుంది, దాక్కున్నవి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ప్రోగ్రాం ఎప్పుడు ఆగాలో చెప్పే షట్‌డౌన్ మోడ్ మారిస్తే మెయిన్ విండోతోపాటు అన్నీ ఆగిపోతాయి, నిజమే. కానీ అది పైపూత. విండో ఒక్కటే ఉండాలి, లోపలి వ్యూలు, అంటే తెర మీద కనిపించే భాగాలు, మారాలి.

పద్ధతి చిన్నదే. విండోలో ఎడమవైపు మెనూ, కుడివైపు ఒక కంటెంట్‌కంట్రోల్, అంటే ఇచ్చినదాన్ని చూపించే ఖాళీ పెట్టె. దాని కంటెంట్‌ని మెయిన్ వ్యూమోడల్‌లో (వ్యూమోడల్ అంటే స్క్రీన్ వెనక డేటాని పట్టుకునే క్లాసు) "ప్రస్తుత స్క్రీన్" అనే ప్రాపర్టీకి బైండ్ చెయ్యి, అంటే అది మారితే ఇదీ మారేలా ముడివెయ్యి. బిల్లు, స్టాకు, సప్లయర్లు, రిపోర్టులు, ఒక్కోదానికీ ఒక యూజర్‌కంట్రోల్ (ఆ స్క్రీన్ రూపం), ఒక వ్యూమోడల్. ఏ వ్యూమోడల్‌కి ఏ యూజర్‌కంట్రోల్ కనిపించాలో రిసోర్సుల్లో డేటాటెంప్లేట్‌తో చెప్పు. దానికి డేటాటైప్ (వ్యూమోడల్ రకం) ఇవ్వు, కీ (విడి పేరు) ఇవ్వకు. కీ ఇస్తే అది దానంతటది పట్టుకోదు, తెర మీద క్లాసు పేరు అక్షరాలుగా కనిపిస్తుంది. బటన్ నొక్కినప్పుడు ప్రాపర్టీలో కొత్త వ్యూమోడల్ పెట్టి, మారిందని నోటిఫై చేస్తే చాలు.

ఈ పనికి ప్రిజమ్ లాంటి పెద్ద లైబ్రరీ (రెడీమేడ్ కోడు) వాడమని కొందరు అంటారు. నాలుగు స్క్రీన్ల షాపు ప్రోగ్రాంకి అది గోటితో పోయేదానికి గొడ్డలి.

అసలు ఆలోచించాల్సింది ఎలా మార్చాలన్నది కాదు, మారినప్పుడు ఏది మిగలాలి అన్నది. వ్యూమోడల్ రకం మారగానే డబ్ల్యూపీఎఫ్ పాత వ్యూని పీకేసి కొత్తది మొదటి నుంచి కడుతుంది. వ్యూకి మాత్రమే తెలిసినవన్నీ దాంతోపాటే పోతాయి: ఎక్కడిదాకా స్క్రోల్ చేశారు, ఏ వరస ఎంచుకున్నారు, బైండ్ చెయ్యని పెట్టెలో ఏం కొట్టారు, అన్నీ. ఇప్పుడు మీ షాపు చూడు. బిల్లులో ఏడెనిమిది మందులు ఎక్కించాక, "ఆ సిరప్ చిన్న సీసా ఉందా?" అని కస్టమర్ అడుగుతాడు. కౌంటర్ అబ్బాయి స్టాకులోకి వెళ్లి చూసి వెనక్కి వస్తాడు. అప్పటికి బిల్లు ఖాళీ అయిపోయి ఉంటే ఆ రోజే నీ ప్రోగ్రాం తీసేసి మళ్లీ బిల్లు పుస్తకం పట్టుకుంటాడు. అందుకని బిల్లు వ్యూమోడల్‌ని ఒక్కసారి తయారుచేసి మెయిన్ వ్యూమోడల్ దగ్గరే ఉంచు, మళ్లీ అదే వస్తువుని ఇవ్వు. కొత్త సప్లయర్ ఫారం మాత్రం ప్రతిసారీ కొత్తగా రావాలి, నిన్నటి పేరు ఇవాళ కనిపించకూడదు. కోడు ముట్టుకునే ముందు ఒక కాగితం మీద స్క్రీన్ల పేర్లు రాసి, ఎదురుగా ఏది మిగలాలో ఏది పోవాలో రాసుకో.

దీనికి తిరగేసిన చిక్కు ఒకటుంది. అబ్బాయి ఒక బిల్లు పక్కన పెట్టి ఇంకో కస్టమర్‌కి రెండో బిల్లు మొదలుపెట్టాడనుకో. రెండూ ఒకే రకం వ్యూమోడల్. అప్పుడు డబ్ల్యూపీఎఫ్ వ్యూని మళ్లీ కట్టదు, ఉన్నదాన్నే ఉంచి వెనక డేటాకాంటెక్స్ట్ (వ్యూ డేటా తెచ్చుకునే వస్తువు) మాత్రం మారుస్తుంది. నీ బిల్లు స్క్రీన్‌లో డిస్కౌంట్ పెట్టె దేనికీ బైండ్ అయి లేదు, నేను చూశాను. మొదటివాడికి ఇచ్చిన డిస్కౌంట్ రెండోవాడి బిల్లులో అలాగే కూర్చుంటుంది. స్క్రీన్ మారితే పోయే సమాచారం, బిల్లు మారితే పోకుండా వేలాడుతుంది. రెండింటికీ మందు ఒకటే, వ్యూలో ఏదీ దాచకు.

బైండింగ్ అన్నాక ఇంకో మాట. టెక్స్ట్‌బాక్స్‌లో కొట్టింది మామూలుగా ఫోకస్ పోయినప్పుడే వ్యూమోడల్‌కి చేరుతుంది. నీ సేవ్ బటన్ టూల్‌బార్‌లో ఉంది. టూల్‌బార్‌కీ మెనూకీ ఫోకస్ లెక్క వేరు, వాటిని నొక్కినా టెక్స్ట్‌బాక్స్ తన ఫోకస్ పోయిందనుకోదు. క్వాంటిటీ 1 ఉన్నచోట 10 కొట్టి వెంటనే సేవ్ నొక్కి చూడు, బిల్లులో 1 అనే పడుతుంది. తెర మీద మాత్రం 10 కనిపిస్తూనే ఉంటుంది, అందుకే ఈ తప్పు ఒక పట్టాన దొరకదు. క్వాంటిటీకి అప్‌డేట్‌సోర్స్‌ట్రిగర్‌ని ప్రాపర్టీచేంజ్డ్‌గా పెట్టు, కొట్టే ప్రతి అంకె వెంటనే వ్యూమోడల్‌కి చేరుతుంది. ధరకి మాత్రం అదే పెట్టకు: డెసిమల్ (దశాంశ సంఖ్య) ప్రాపర్టీకి అలా బైండ్ చేస్తే, డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.5 నుంచి, 12 తర్వాత చుక్క కొట్టగానే ఆ చుక్క మాయమవుతుంది. ధరని వ్యూమోడల్‌లో స్ట్రింగ్‌గా (అక్షరాల వరసగా) తీసుకుని అక్కడే నంబరుగా మార్చుకో.

స్క్రీన్లు మార్చడానికి ఫ్రేమ్, పేజీ వాడొచ్చా అని అడిగావు. మీ షాపుకి వద్దు. ఫ్రేమ్ బ్రౌజర్‌లా చరిత్ర దాచుకుంటుంది. కర్సర్ టెక్స్ట్‌బాక్స్‌లో లేనప్పుడు బ్యాక్‌స్పేస్ కొడితే పాత పేజీకి వెళ్లిపోతుంది. పైగా బయటి డేటాకాంటెక్స్ట్ లోపలి పేజీకి దిగదు. మెట్టుమెట్టుగా సాగే సెటప్ లాంటివాటికైతే బాగుంటుంది. నాలుగు వ్యూలూ ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒకటి చూపించి మిగతావి కొలాప్స్ చేసే (కనపడకుండా ముడిచే) పాతకాలపు పద్ధతి ఉంది చూశావూ, దాన్ని చిన్నచూపు చూడకు. స్క్రోల్ కూడా చెక్కుచెదరదు. కాకపోతే అన్నీ మొదట్లోనే లోడవుతాయి.

స్టాకు వ్యూలో డిస్పాచర్‌టైమర్ (కొంతసేపటికోసారి పని చేయించే టైమర్) పెట్టావు, ఆపడం లేదు. వ్యూ తెర మీంచి పోయినా టైమర్ ఆగదు, వ్యూని మెమరీ నుంచి పోనివ్వదు. స్టాకులోకి పదిసార్లు వెళ్తే పది టైమర్లు ఒకేసారి డేటాబేస్‌ని అడుగుతుంటాయి. మధ్యాహ్నానికి నెమ్మదిస్తోందని రాశావే, నా అనుమానం దాని మీదే. వ్యూ తెర మీదికి వచ్చినప్పటి లోడెడ్‌లో మొదలుపెట్టి, పోయినప్పటి అన్‌లోడెడ్‌లో ఆపు. డేటాబేస్ సర్వీసు ఈవెంట్లు (అది పంపే కబుర్లు) వినడానికి చేరిన వ్యూమోడల్ కూడా, పని అయ్యాక వాటి నుంచి తప్పుకోవాలి.

బిల్లు వ్యూ తిరిగి రాగానే కర్సర్ మందు పేరు పెట్టెలో పెట్టు. కౌంటర్‌లో మౌస్ కోసం వెతుక్కునే తీరిక ఉండదు.

ముందు బిల్లు, స్టాకు ఈ రెండే మార్చు. రిపోర్టులు పాత విండోలోనే ఉండనీ. మార్చాక రెండు బిల్లులు తెరిచి, వాటి మధ్య అటూ ఇటూ తిరిగి, మధ్యలో స్టాకులోకి వెళ్లి వచ్చి, ఏమేం మిగిలాయో రాసి పంపు. స్క్రీన్ల పేర్లు రాసుకున్న ఆ కాగితం కూడా ఫొటో తీసి పెట్టు.

ఇట్లు,
బాబాయ్