పసిపిల్లల వార్డులో చేరే కొత్త సిస్టర్ ముందు ఏం నేర్చుకోవాలి?

జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) అయిపోయింది, వచ్చే నెల వరంగల్‌లో పసిపిల్లల వార్డులో చేరుతున్నాను, పిల్లల భద్రత విషయంలో ముందు ఏం నేర్చుకోవాలి అని అడిగారు. ఇక్కడ జవాబు రాసినవాళ్ళంతా చేతులు కడుక్కోవడం గురించే రాశారు. నిజమే, గాజులు, ఉంగరం, వాచీ తీసేసి సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు కడుక్కోవాల్సిందే. కానీ అది మీకు ఎవరైనా చెప్తారు, సింకు పైన బొమ్మలతో సహా అంటించి ఉంటుంది. గోడ మీద ఉండనిది నేను చెప్తాను. పిల్లల్ని వార్మర్ (బిడ్డను వెచ్చగా ఉంచే మంచం లాంటి మిషన్) నంబరుతో పిలవకండి.

నేను పంతొమ్మిదేళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను. ఈ సంగతి జరిగిన ఆసుపత్రి పేరు చెప్పను. 2017లో కేసీఆర్ కిట్ (సర్కారు దవాఖానాలో కాన్పైతే డబ్బూ సామానూ ఇచ్చే పథకం) వచ్చాక కాన్పులు బాగా పెరిగిన రోజులు. ఆ రాత్రి పద్నాలుగు మంది పిల్లలకు ఇద్దరం. అందులో రజిత అనే తల్లులు ఇద్దరు (పేరు మార్చాను, మన వైపు ఇలాంటి పేరు ప్రతి వార్డులో రెండు మూడు ఉంటాయి). ఒకామెది నర్సంపేట వైపు, ఇంకొకామెది పరకాల. ఇద్దరికీ నెలలు నిండని మగపిల్లలే, ఇద్దరూ కిలో ఏడు వందల అటూ ఇటూ. సాయంత్రం డ్యూటీ సిస్టర్ హ్యాండోవర్ ఇస్తూ (డ్యూటీ మారేటప్పుడు పిల్లల్ని అప్పజెప్తూ) "ఆరుకు రెండు గంటలకోసారి పాలు, ఏడు నిల్ ఓరల్, కడుపు ఉబ్బింది" (నిల్ ఓరల్ అంటే పాలు కూడా పట్టకూడదు) అని చెప్పి బస్సుకు టైమైందని వెళ్ళిపోయింది. నేనూ ఆరు, ఏడు అనే రాసుకున్నాను.

రాత్రి రెండింటికి నర్సంపేట రజిత స్టీలు గిన్నెలో పాలు పిండి తెచ్చింది. ఆరో వార్మర్ అంచుకు ప్లాస్టర్‌తో అంటించిన ట్యాగ్ (బిడ్డకు కట్టే పేరు పట్టీ) మీద ఆమె పేరే ఉంది. సిరంజి బిడ్డ కడుపులోకి వేసిన పాల గొట్టానికి తగిలించి పాలు పొయ్యబోతుంటే ఆమె వెనక నుంచి మెల్లగా అంది, "సిస్టర్, గీ పిలగాడు మావోడు కాదు."

నాకు విసుగొచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను, "నిద్రమత్తులో ఉన్నవమ్మా, అందరు పిల్లలూ ఇట్లనే ఉంటరు" అన్నాను. ఆమె కదల్లేదు. "మావోనికి ఎడమ కాలు రెండో వేలు, మూడో వేలు అతుక్కొని ఉంటయ్. వాళ్ళ నాయినకు గూడ గట్లనే" అంది. చూస్తే ఈ బాబు వేళ్ళు దేనికది విడిగా ఉన్నాయి. ఏడో వార్మర్‌లో బాబు కాలు చూశాను. అతుక్కుని ఉన్నాయి.

నర్సంపేట బాబు కేస్ షీట్ తీస్తే, మొదటి రోజే పీజీ డాక్టర్ ఆ వేళ్ళ సంగతి రాసి పెట్టాడు. అంటే కడుపు ఉబ్బి, పేగులకు ఇన్ఫెక్షనేమో అని చుక్క కూడా పొయ్యొద్దన్న పరకాల బాబుకు నేను పాలు పట్టబోయాను, అదీ వేరే తల్లి పాలు. చేతులు వణికి సిరంజి ట్రేలో పడేశాను.

తర్వాత ఆరా తీస్తే తెలిసింది. కాలికి కాన్యులా (సెలైన్ ఎక్కించే సన్న గొట్టం) వెయ్యడానికి అడ్డమొస్తోందని ఇద్దరి ట్యాగులూ కత్తిరించి వార్మర్లకు అంటించారు. చేతికి కట్టినవి ఎప్పుడో జారిపోయాయి. పుట్టిన మొదటి రోజుల్లో పిల్లలు బరువు తగ్గుతారు, నిన్న సరిపోయిన ట్యాగ్ రేపటికి వదులవుతుంది. సాయంత్రం వార్మర్లు కడగడానికి పిల్లల్ని తీసి, మళ్ళీ పడుకోబెట్టేటప్పుడు అటుది ఇటు, ఇటుది అటు అయింది. ట్యాగులు మాత్రం వార్మర్లనే అంటిపెట్టుకుని ఉన్నాయి. ట్యాగ్ కత్తిరిస్తే అదే నిమిషంలో ఇంకో కాలికి కొత్తది కట్టాలి. హ్యాండోవర్ బిడ్డ పక్కన నిలబడి తీసుకోవాలి, తల్లి పేరు, తండ్రి పేరు, ఊరు, బరువు పైకి చదవాలి. మనసులో చదివితే కన్ను తనకు కావాల్సిందే చదువుకుంటుంది. పక్కవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి.

అసలు గొడవ లేబర్ రూమ్‌లోనే మొదలవుతుందని నా అనుమానం. అనుమానం కాదు, చూశాను. బిడ్డను తల్లికి చూపించి, ఆడో మగో ఆమె నోటితోనే చెప్పించి, తల్లికీ బిడ్డకూ ట్యాగులు కట్టాకే గది దాటాలి. కానీ కొన్నిచోట్ల ఆయమ్మలు బిడ్డను గుడ్డలో చుట్టి ముందు బయట బంధువుల దగ్గరికి తీసుకుపోతారు, ఎందుకో మీకూ తెలుసు, బక్షీసు కోసం. కేసీఆర్ కిట్‌లో ఆడపిల్లకు 13 వేలు, మగపిల్లాడికి 12 వేలు ఇచ్చేవారు. తలుపు దగ్గర బక్షీసు రేటు మాత్రం మగపిల్లాడికే ఎక్కువ. ఆయమ్మల జీతాలు ఎంతో నాకు తెలుసు కాబట్టి వాళ్ళనే తిట్టను, కానీ ట్యాగ్ లేని బిడ్డ గుమ్మం దాటితే అడ్డంగా నిలబడండి. మొదటి నెలలోనే మీకు పొగరని పేరొస్తుంది.

మీరు అడగకపోయినా ఇంకొకటి. వార్మర్ ప్రోబ్ (బిడ్డ ఒంటి వేడిని కొలిచే తీగ) బిడ్డ ఒంటి మీద నుంచి ఊడితే, బిడ్డ చల్లబడిందనుకుని మిషన్ ఇంకా వేడి పెంచుతుంది. తెర మీద 36.5 డిగ్రీలు కనిపిస్తోంది కదా అని కూర్చోకండి. వెళ్ళి ప్రోబ్ అంటుకుని ఉందో లేదో చూడండి, కడుపూ పాదాలూ చేత్తో తాకండి. అలారం గోల భరించలేక నొక్కేసేవాళ్ళు ప్రతి డ్యూటీలో ఒకరుంటారు.

ఆ రజిత నన్ను ఏమీ అనలేదు. తెల్లారి "సిస్టర్, పాలు ఇప్పుడు పొయ్యొచ్చా" అని అడిగింది, అంతే. ఆ పాలు నేనే, ఆమెతో వేళ్ళు చూపించుకుని మరీ పోశాను.

చేరేముందు ఒక పర్మనెంట్ మార్కర్ కొనుక్కోండి. బాల్‌పెన్‌తో రాసిన పేరు ట్యాగ్ మీద సరిగా నిలవదు. వార్డులో మార్కర్ ఉంటుంది, కాకపోతే మీకు కావాల్సినప్పుడు ఎవరో ఒకరి జేబులో ఇంటికి వెళ్ళిపోయి ఉంటుంది.