ఖత్తాబ్ ఎవరు, ఎలా చనిపోయాడు? అక్కడి జనం అతన్ని వీరుడిగానే చూస్తారా?

మీరు రెండు సంగతులు అడిగారు. రష్యా నుంచి విడిపోవాలని యుద్ధం చేసిన ముస్లిం ప్రాంతం చెచ్న్యాలో పోరాడిన అరబ్ కమాండర్ ఖత్తాబ్‌ని ఉత్తరంలో విషం పెట్టి చంపారన్నది నిజమేనా, అక్కడి ముస్లింలకు అతను వీరుడేనా అని.

మొదటిదానికి జవాబు చిన్నది. నిజమే. రెండోదానికి కాస్త వివరంగా చెప్పాలి. నేను ఎంబీబీఎస్ చదివింది దాని పక్కనే రష్యాలోనే ఉన్న మరో ముస్లిం ప్రాంతం దాగెస్తాన్‌లో, మఖచ్‌కలాలో. మన తెలుగు పిల్లలు అక్కడ చాలామందే ఉంటారు. చివరి ఏళ్ళలో నేను హాస్టల్ వదిలేసి అక్కడి స్థానిక జాతుల్లో ఒకటైన అవార్ కుటుంబం ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. ఆ ఇంటి పెద్దాయన సొంతూరు బోట్లిఖ్ జిల్లాలోని ఆండి. 1999లో ఖత్తాబ్ మనుషులు కొండ దిగి వచ్చినప్పుడు, తుపాకీ పట్టుకుని ఎదురు నిలబడ్డ ఊరివాళ్ళలో ఆయనా ఉన్నారు.

ఖత్తాబ్ అసలు పేరు సమీర్ సాలెహ్ అల్ సువైలెమ్. 1969లో సౌదీ ఉత్తర సరిహద్దు పట్టణం అరార్‌లో పుట్టాడు. ఇరవై నిండకముందే అఫ్ఘానిస్తాన్ వెళ్ళి సోవియట్ సైన్యం మీద పోరాడాడు. చేతి బాంబు పేలి కుడిచేతి వేళ్ళు కొన్ని పోయాయి. ఆ తర్వాత తజికిస్తాన్. 1995లో టీవీ విలేకరిగా చెప్పుకుని చెచ్న్యాలో అడుగుపెట్టాడు.

అతనికి పేరు తెచ్చింది 1996 ఏప్రిల్ 16 నాటి దాడి. యారిష్‌మార్డి ఊరి దగ్గర ఇరుకు కొండదారిలో వెళ్తున్న రష్యన్ సైనిక వాహనాల వరుసను ముందూ వెనకా పేల్చేసి, మధ్యలో చిక్కినవాళ్ళని కాల్చేశారు. యాభై మందికి పైగా సైనికులు పోయారు. దాడి మొత్తం వీడియో తీయించాడు. కాలిన వాహనాల మధ్య అతను నడుస్తున్న ఆ టేపు దేశదేశాలు తిరిగి, డబ్బునీ కుర్రాళ్ళనీ తెచ్చిపెట్టింది. యుద్ధాన్ని కెమెరా కోసం చేయడం ఐసిస్‌తో మొదలైందనుకుంటాం గానీ, ఇతను అంతకు ఎన్నో ఏళ్ళ ముందే చేసి చూపించాడు.

ఆ ఏడాది ఆగస్టులో ఖసావ్‌యుర్త్ ఒప్పందంతో రష్యాకీ చెచెన్లకీ మధ్య మొదటి యుద్ధం ఆగిపోయింది. చెచెన్లకు కావలసింది దాదాపు దక్కినట్టే. 1997 జనవరిలో ఎన్నికలు జరిగి చెచెన్ నాయకుడు మస్ఖాదోవ్ చెచ్న్యా అధ్యక్షుడయ్యాడు. ఖత్తాబ్ మాత్రం కదల్లేదు. సెర్జెన్ యుర్త్ దగ్గర శిక్షణ శిబిరం పెట్టి కుర్రాళ్ళని తయారుచేశాడు. మస్ఖాదోవ్‌కి ఇది ఇష్టం లేదు, కానీ అతన్ని వెళ్ళగొట్టే బలమూ లేదు.

నన్ను అన్నిటికన్నా కలచివేసేది కరామాఖి సంగతి. ఖత్తాబ్ పెళ్ళి చేసుకున్నది దాగెస్తాన్‌లోని ఈ ఊరి అమ్మాయినే. అంటే ఆ ఊరి అల్లుడు. 1998లో కరామాఖి, పక్కనున్న చబన్‌మాఖి ఊళ్ళు ఇక రష్యా చట్టం చెల్లదు, మాది షరియా పాలన అని ప్రకటించుకున్నాయి. మరుసటి ఏడు యుద్ధం ముదిరాక రష్యా సైన్యం ఆ రెండు ఊళ్ళ మీదా విమానాలతో, ఫిరంగులతో విరుచుకుపడింది. అత్తారి ఊరు నేలమట్టమైపోయింది. ఊళ్ళో ఇళ్ళున్నాయని చూడకుండా బాంబులు కురిపించిన సైన్యాన్ని నేను వెనకేసుకు రాను. కానీ ఆ నిప్పుని గడప దాకా తెచ్చింది ఎవరు?

1999 ఆగస్టు 7న చెచెన్ కమాండర్ షామిల్ బసాయెవ్, ఖత్తాబ్ కలిసి మనుషుల్ని వెంటేసుకుని సరిహద్దు దాటి బోట్లిఖ్ జిల్లాలోకి వచ్చారు. అన్సల్తా, రఖాతా ఊళ్ళు పట్టుకున్నారు. రెండు రోజులకే మాస్కోలో పుతిన్‌ని తాత్కాలిక ప్రధానిగా వేశారు. తోటి ముస్లింలు కాబట్టి దాగెస్తాన్ జనం తమతో కలిసి లేస్తారని వీళ్ళ లెక్క. ఆ లెక్క తప్పింది. అక్కడివాళ్ళది తరతరాల సూఫీ సంప్రదాయం. షేకుల సమాధుల దగ్గర మొక్కుకుంటారు. అదంతా దైవద్రోహమని బయటివాళ్ళొచ్చి చెబితే ఊరుకుంటారా? "మా తాతలు నమాజు చేసిన మసీదులో నిలబడి, నమాజు ఎలా చేయాలో మాకే నేర్పించబోయారు" అని పెద్దాయన అనేవారు. ఇరవై ఏళ్ళు దాటబోతున్నా ఆ మాట వచ్చేసరికి గొంతు పెరిగేది.

ఒక సెలవుల్లో వాళ్ళ ఊరు తీసుకెళ్ళారు. నాలుగు కిలోమీటర్ల పైచిలుకు గిమ్రీ సొరంగం దాటితే దారి మారిపోతుంది. కింద లోయంతా ఆప్రికాట్ తోటలు, పైన బోడి కొండలు. రఖాతాలో ఆడవాళ్ళు గొర్రె ఉన్ని తొక్కి, మన గొంగడి కంటే దళసరిగా, భుజాల దగ్గర బిరుసుగా నిలిచే నల్లటి అంగీలు చేస్తారు. ఆండిలో పెద్దాయన కొండ కనుమ వైపు చెయ్యి చూపించి, ఎవరెవరు ఎక్కడ కాపలా కూర్చున్నారో పేరుపేరునా చెప్పారు. కొందరి చేతుల్లో ఉన్నవి వేట తుపాకులేనట.

ఆ ఏడాదే సెప్టెంబరు 4న దాగెస్తాన్ పట్టణం బుయ్‌నాక్స్క్‌లో సైనిక కుటుంబాలుండే అయిదంతస్తుల భవనం ముందు లారీ బాంబు పేలి 64 మంది చనిపోయారు. ఆ కేసులో 2001లో కోర్టు ఇద్దరికి జీవిత ఖైదు వేసింది. దాని వెనక ఉన్నది ఖత్తాబేనని ప్రాసిక్యూషన్ వాదించింది. తర్వాత వచ్చిన రెండో చెచెన్ యుద్ధంలో చెచ్న్యా రాజధాని గ్రోజ్నీ ఏమైందో ఫొటోల్లో మీరు చూసే ఉంటారు.

ఇక చావు. ఎదురుగా దొరకని మనిషి కాబట్టి రష్యా గూఢచారి సంస్థ ఎఫ్‌ఎస్‌బీ అతని ఉత్తరాల దారి పట్టుకుంది. వాటిని మోసుకొచ్చే దూతల్లో ఒకణ్ణి లోబరుచుకుని, విషం పూసిన ఉత్తరం చేరవేయించారు. 2002 మార్చిలో అది తెరిచిన కాసేపటికే చనిపోయాడు. ఏప్రిల్‌లో శవం వీడియోని రష్యా టీవీలో చూపించారు. వయసు ముప్ఫై మూడు లోపే. ఇంటర్నెట్‌లో అందరూ ఈ ఉత్తరం కథే చెప్పుకుంటారు, సినిమాలా ఉంటుంది కాబట్టి. మఖచ్‌కలాలో నాతో ఎవరూ దాని గురించి ఇష్టంగా మాట్లాడింది లేదు. అతని జాగాలోకి మరో సౌదీ మనిషి అబూ అల్ వలీద్ వచ్చాడు, 2004లో చనిపోయాడు. ఆ తర్వాత వచ్చిన జోర్డాన్ మనిషి అబూ హఫ్స్‌ని 2006లో దాగెస్తాన్‌లోనే, ఖసావ్‌యుర్త్‌లో చంపారు.

అందుకే, అక్కడి ముస్లింలకు వీరుడా అని అడిగితే, నేను కలిసినవాళ్ళలో ఎక్కువమందికి కాదు. ఒకరిద్దరు కుర్రాళ్ళు ఫోన్లో పాత వీడియోలు చూసి మెచ్చుకోవడం విన్నాను, వాళ్ళు ఆ యుద్ధం చూడని వయసువాళ్ళు. ఊళ్ళు కాపాడుకున్న ఆ మామూలు జనానికి యుద్ధంలో పాల్గొన్నవాళ్ళన్న హోదా చట్టప్రకారం దక్కింది 2019లో. ఆ కాగితాల కోసం పెద్దాయన ఆఫీసుల చుట్టూ తిరుగుతుండగానే నా చదువు అయిపోయి వచ్చేశాను.