చెరువు కోసం అభ్యంతరం రాస్తున్నారా? ముందు దాని దారి వెతకండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మహబూబ్‌నగర్ శివారులో ఇల్లు కట్టుకున్నారు. పట్టణానికి కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా వస్తుందంటున్నారు. దగ్గర్లోని చెరువు, గుట్టల గురించి అభ్యంతరం రాయాలనుంది. మామూలు మనిషి రాసిన కాగితాన్ని ఎవరైనా చదువుతారా?

చదువుతారు. కాకపోతే "చెరువులను కాపాడండి" అని రాస్తే చదవరు. మా కాలనీ తరఫున మొదట వెళ్ళిన కాగితం అలాంటిదే. నేనే రాశాను, రెండు పేజీలు. నీరే ప్రాణాధారమని మొదలుపెట్టి భావితరాల దాకా వెళ్ళాను. తీసుకున్న గుమాస్తా ముద్ర వేస్తూ, "సర్వే నంబరు ఏది సార్?" అన్నాడు. ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి, ఒక్క అంకె లేని కాగితం పట్టుకుపోయానని అప్పుడు తెలిసింది.

మాది ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఒక మున్సిపాలిటీ. ఊరి పేరు రాయను, అక్కడి కార్యాలయాలతో నాకు ఇంకా పనులున్నాయి. కాలనీకి పైన గుట్ట, కింద కుంట. 2020 అక్టోబరు వానలకు ఒక రాత్రి మా వీధిలో మోకాటి లోతు నీళ్ళు వచ్చాయి. విచిత్రమేమిటంటే, తెల్లారి వెళ్ళి చూస్తే కుంట సగం కూడా నిండలేదు. గుట్ట మీది నీరు కుంటలోకి పోవలసింది, కాలువ లేక మా ఇళ్ళలోకి వచ్చింది. ఆ కాలువను ఎప్పుడో మొరంతో పూడ్చి, దాని మీద లేఅవుట్ రోడ్డు వేశారు. మేమంతా ఆ రోడ్డు మీదే రోజూ తిరుగుతున్నాం.

కాబట్టి నేను చెప్పేది ముందే చెప్పేస్తాను. ముసాయిదా పటంలో చెరువు నీలం రంగులో కనిపిస్తుంది, చూసి తృప్తి పడతాం. ఆ నీలం మచ్చలోకి నీరు ఎటునుంచి వస్తుంది, నిండాక ఎటు పోతుంది అనే రెండు గీతలు మాత్రం పటంలో తరచుగా ఉండవు. వాటిని గీయమని అడగండి. చెరువును ఒక్కసారిగా పూడ్చాలంటే ఎవరికైనా కాస్త భయం ఉంటుంది. కాలువను పూడ్చడానికి రెండు ట్రాక్టర్ల మొరం చాలు.

"కృష్ణా నీళ్ళు నల్లాలో వస్తున్నాయి కదా, ఈ మురికి కుంట ఎందుకు?" అని మా కాలనీలోనే అడిగినవాళ్ళున్నారు. నల్లా రాని రోజు అందరికీ బోరే దిక్కు. మా జిల్లాలో బోరు అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. అది దాటిన నీళ్ళు తాగి మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఎముకలు వంగిపోయిన మనుషులను చూస్తూ పెరిగినవాళ్ళం మేము. గ్రానైటు రాతి సందుల్లో నీరు ఎక్కువ కాలం నిలిచేకొద్దీ ఆ రాతిలోని ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటుంది. పైన కుంట నిండితే కొత్త నీరు దిగి దాన్ని పలచబరుస్తుంది. మీ పాలమూరు కిందా ఉన్నది ఎక్కువగా ఆ రాయే. ఏడాదికి పడే వాన సుమారు ఆరేడు వందల మిల్లీమీటర్లు, అదీ కొద్ది రోజుల్లోనే కురిసిపోతుంది. పట్టుకునే గుంట లేకపోతే పోయినట్టే.

పానగల్లు ఉదయ సముద్రం లాంటి పెద్ద చెరువుల సంగతి వేరు. కందూరు చోళుల కాలంలో తవ్వించిన ఆ చెరువుకు ఇప్పుడు కాలువ ద్వారా కృష్ణా నీరు వస్తుంది, నల్గొండ పట్టణం ఆ నీళ్ళు తాగుతుంది, అడిగేవాళ్ళూ ఉన్నారు. మీ పిల్లలమర్రికీ అంతే. 2018లో ఆ మర్రికి చెదలు పడితే సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు. నలుగురికీ తెలిసిన చెట్టు కాబట్టి ఆ వైద్యం జరిగింది. ఊరి చివరి కుంటకు సీసా కట్టేవాళ్ళు లేరు. గుట్ట మీదనుంచి జారే నీరే దాని బతుకు.

ఇక లెక్కలకు వద్దాం. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే హద్దు. 2012లో వచ్చిన భవన నిర్మాణ నియమాల జీవో 168 ప్రకారం, పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఆ హద్దు నుంచి 30 మీటర్ల దాకా కట్టడాలు కూడదు. అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లే. వాగులు, నాలాలు పది మీటర్ల కన్నా వెడల్పుంటే 9 మీటర్లు, లేకపోతే 2 మీటర్లు వదలాలి. పది హెక్టార్లంటే మన లెక్కలో 24 ఎకరాల 28 గుంటలు. ఈ అంకె గుర్తుంచుకోండి, అసలు ఆట ఇక్కడే.

మా కుంట పాత సేత్వారులో (తొలి భూసర్వే నాటి రిజిస్టరు) 27 ఎకరాల పైచిలుకు. ముసాయిదా పటంలో 22 ఎకరాలకు వచ్చింది. ఎవరో లంచం తిన్నారని కాలనీలో గోల. నాకు అలా అనిపించలేదు. ఉపగ్రహ చిత్రం చూసి నీరున్నంతమేరా గీత గీశారు, ఆ చిత్రం ఎండాకాలంలో తీసినది. అయిదు ఎకరాలు తగ్గడం ఒక నష్టం. 24 ఎకరాల 28 గుంటల గీత కిందికి జారినందువల్ల చుట్టూ వదలాల్సిన స్థలం 30 మీటర్ల నుంచి 9 మీటర్లకు పడిపోవడం రెండో నష్టం. ఎవరూ దురుద్దేశంతో చేయకపోయినా కుంట చుట్టూ 21 మీటర్ల పట్టీ ప్లాట్లకు తెరుచుకుంది.

దీన్ని నిరూపించడానికి మాకు దొరికిన మనిషి పాత నీరటి. తూము దగ్గర నీళ్ళు వదలడం, కట్టడం ఆయన ఇంటి పని. ఎనభై దాటిన తాతను ఆటోలో కుంట మీదికి తీసుకెళ్ళాం. నేరుగా మత్తడి (చెరువు నిండాక నీరు పొర్లిపోయే రాతి గోడ) దగ్గరికి నడిచి, రాళ్ళను చేత్తో తడిమి, "రెండు వరసలు తీసేశారు" అన్నాడు. నాకు మామూలు గోడలాగే కనిపించింది. తాత పక్క గోడ చూపించాడు. దాని మీద రెండు వరసల రాళ్ళు ఆనిన చోట డంగు సున్నం మరక పళ్ళ వరుసలా మిగిలి ఉంది. మత్తడి ఎత్తు తగ్గిస్తే కుంటలో నీరు నిలిచే ఎత్తు తగ్గుతుంది, హద్దు లోపలికి జరుగుతుంది, పొడిబారిన నేల ఎవరిదో అవుతుంది. గునపంతో ఒక రాత్రి పని.

మరునాడు ఒక మేస్త్రీని పిలిచాం. ఇంటి పునాది సమం చూసే పారదర్శకపు గొట్టం ఉంటుంది కదా, ఇరవై మీటర్లది, అందులో నీళ్ళు నింపి ఆ సున్నపు మరక ఎత్తు నుంచి ఒడ్డు వెంట కర్రలు పాతుకుంటూ వెళ్ళాం. ప్రతి మజిలీలో బుడగలు పోయేదాకా ఆగి, గుర్తు పెట్టి, ముందుకు. పదిహేనో మజిలీ ఒక కొత్త ఇంటి గోడకు తగిలింది. మేస్త్రీ సుద్దముక్కతో గీత గీశాడు. కిటికీకి జానెడు కింద. ఇంటాయన బస్సు డ్రైవరు. అప్పు చేసి కొన్నాడు, అమ్మినవాడు చూపిన పంచాయతీ కాగితాన్ని నమ్మాడు. గీత చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మాకే టీ తెప్పించాడు.

ఆ గొట్టం కొలత కార్యాలయంలో చెల్లదు, తెలుసు. కాని ఆ గోడ ఫొటో, సున్నపు మరక ఫొటో, సేత్వారు నకలు మూడూ జతచేసి ఇచ్చాక అధికారిక సర్వే చేయించడం తప్పించుకోలేని పని అయింది. మా రెండో కాగితం ఒకే పేజీ. ఫలానా సర్వే నంబరు సేత్వారులో సర్కారీ శిఖం (చెరువు గర్భంలోని ప్రభుత్వ భూమి), విస్తీర్ణం ఇంత, ముసాయిదాలో ఇంతే చూపారు, మిగతాది నివాస ప్రాంతమని పసుపు రంగు వేశారు, సవరించగలరు. కాలువకు వేరే కాగితం. ఒక్కో అంశానికి ఒక్కో కాగితం ఇవ్వండి, ఒక్కోదానికి రసీదు తీసుకోండి. అన్నీ కలిపి రాస్తే ఒకే ఒక్క "పరిశీలించబడును" వస్తుంది.

పత్రాల కోసం సర్వే, భూరికార్డుల విభాగంలో గ్రామ నక్షా (ఊరి పటం), టిప్పన్ (ఒక్కో సర్వే నంబరు కొలతల పటం), సేత్వారు నకళ్ళు అడగండి. 1954-55 నాటి ఖాస్రా పహాణీ (అప్పటి భూమి, సాగు వివరాల రికార్డు) కూడా చూడండి. గ్రామ నక్షాలో చెరువులే కాదు, వాగులు, కాలువలు కూడా గీసి ఉంటాయి. మీ చెరువులో మిషన్ కాకతీయ (చెరువుల పునరుద్ధరణ పథకం) కింద పని జరిగి ఉంటే, ఆ అంచనా పత్రాల్లో మత్తడి పొడవు, ఆయకట్టు లాంటి వివరాలు ఉంటాయి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మండల స్థాయిలో రుసుము అయిదు రూపాయలు, జిల్లా స్థాయిలో పది, గడువు ముప్పై రోజులు. ఆ గడువు ముగిసేసరికి ముసాయిదా మీద అభ్యంతరాల గడువు కూడా ముగిసిపోవచ్చు, అందుకే ముసాయిదా రాకముందే, ఇప్పుడే పెట్టండి.

శిఖం అని రాసి ఉంటే అంతా సర్కారుదే అనుకోకండి. పట్టా శిఖం వేరు. అది రైతుది. నీరు తగ్గినప్పుడు సాగు చేసుకోవచ్చు, కట్టడాలు కట్టకూడదు. మా కుంటలో నాలుగు ఎకరాలు అలాంటివే. ఆ రైతు మా ఇంటికి వచ్చి, "మీ ప్లాట్లకు రేటు ఉండాలి, నా పట్టాకు ఉండకూడదా అన్నా?" అని నిలదీశాడు. జవాబు చెప్పలేకపోయాను. ఇలాంటివాళ్ళకు అభివృద్ధి హక్కుల బదిలీ (తమ నేలలో కట్టుకోలేనందుకు బదులుగా వచ్చే నిర్మాణ హక్కును వేరేవాళ్ళకు అమ్ముకోవడం) అని ఒక మార్గం ఉంది కాని, మా అంత చిన్న ఊళ్ళో ఆ హక్కులు కొనేవాడు ఎక్కడ దొరుకుతాడు? మీరు అభ్యంతరం పెట్టే ముందు పట్టా శిఖం రైతులతో ఒకసారి కూర్చోండి. మేము కూర్చోలేదు. ఆయన ఇప్పటికీ నన్ను చూస్తే తల తిప్పుకుంటాడు.

మొత్తం ప్లాన్‌నే రద్దు చేయమని అడగవచ్చా? 2023 జనవరిలో కామారెడ్డి, జగిత్యాలలో రైతులు రోడ్డెక్కితే మున్సిపాలిటీలు ముసాయిదాల రద్దుకు తీర్మానాలు చేశాయి. పొలాలు పోతున్న రైతులకు అది న్యాయమైన పోరాటం. చెరువు విషయంలో మాత్రం ప్లాన్ లేకపోవడం మీకు లాభం కాదు. గీత లేనిచోట ఎవడి గీత వాడిది.

అడగదగ్గది ఇంకొకటి ఉంది, ఎవరూ పెద్దగా అడగరు. లేఅవుట్లలో పదో వంతు ఖాళీ స్థలం వదలాలి. దాన్ని ఎవరికీ పనికిరాని మూలకు తోస్తారు. కాలువ పారే లేఅవుట్లలో ఆ స్థలాన్ని కాలువ పక్కనే వదలాలని ప్లాన్ నియమాల్లో చేర్చమని రాయండి. ఎవరికీ ఒక్క గజం అదనంగా పోదు. ఎందుకు అవసరమో ఈ లెక్క చూపించండి: రెండు వందల గజాల ప్లాటు మీద అయిదు సెంటీమీటర్ల వాన పడితే ఎనిమిది వేల లీటర్లకు పైనే. మూడు వందల ప్లాట్లంటే ఇరవై అయిదు లక్షల లీటర్లు. ఇంతా ఒక్క గంటలో వస్తే సన్నని పైపు మింగలేదు.

మాకు దక్కింది ఇంత: తుది పటంలో కుంట విస్తీర్ణం సరిచేశారు, కాలువ గీత వచ్చింది, రోడ్డు కింద వెడల్పాటి కల్వర్టు కట్టారు. మత్తడి మీద రాళ్ళు మళ్ళీ పేర్చారు, ఈసారి సిమెంటుతో. కాలువ పక్కన రెండు మీటర్లకు మించి వదలమంటే నియమం ఒప్పుకోదన్నారు. గుట్ట విషయంలో పూర్తిగా ఓడిపోయాం. మా కాగితం వెళ్ళేసరికే ఒక పక్క మొరం తవ్వేశారు, ఇప్పుడు వాన నీటితోపాటు ఆ ఎర్రమట్టీ కుంటలోకి వస్తోంది. డ్రైవరు ఇల్లు అక్కడే ఉంది, కేసు నడుస్తోంది. గోడ మీద సుద్దగీత చెరిగిపోతే ఆయనే రంగుతో దిద్దుకున్నాడు, వానాకాలంలో సామాను ఆ గీత పైకి ఎక్కించడానికి.

మీ చెరువు సర్వే నంబరు, మత్తడి ఏ దిక్కున ఉందో ఇక్కడ రాయండి. గ్రామ నక్షా దొరికితే ఫొటో పెట్టండి, చదవడంలో సాయం చేస్తాను. అంచులు కత్తిరించకుండా తీయండి, దిక్కు గుర్తు ఎక్కువగా ఆ మూలనే ఉంటుంది.