పదహారేళ్ల బాబుకు స్కూటీ ఇవ్వొచ్చా?

ప్రశ్న: మా బాబుకు పదహారేళ్లు, ఇంటర్ ఫస్టియర్. నా పేరు మీదున్న 110 సీసీ స్కూటీ మీద హన్మకొండ చౌరస్తా దాకా ట్యూషన్‌కు పోతున్నాడు. పోలీసులు ఆపితే ఫైన్ కడితే అయిపోతుందా?
– ఒక తల్లి, కాజీపేట

జవాబు: అయిపోదమ్మా. పదహారేళ్లకు 50 సీసీ లోపు బండికి లైసెన్స్ ఇస్తారు నిజమే. మీది 110 సీసీ, దానికి పద్దెనిమిది నిండాల్సిందే.

2019లో మోటారు వాహనాల చట్టంలో 199ఏ సెక్షన్ చేర్చారు. మైనర్ నేరం చేస్తే కేసు తల్లిదండ్రుల మీద, బండి యజమాని మీద నడుస్తుంది. మీ విషయంలో రెండూ మీరే. మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. బాబుకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ చివరిదే. డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కునే పిల్లాడికి బండి లేకపోతే ఎంత కష్టం!

“నాకు తెలియకుండా తీసుకుపోయాడు” అంటే నిరూపించే భారం మీదే. ప్రమాదం జరిగితే, బాధితులకిచ్చిన పరిహారాన్ని బీమా కంపెనీ మీ దగ్గర వసూలు చేసుకోవచ్చు కూడా.

ఫాతిమా నగర్ బ్రిడ్జి మీద బస్సుల మధ్య పిల్లలు దూసుకుపోతుంటే నాకు గుండె ఆగినంత పనవుతుంది. రేపటి నుంచే తాళం మీ దగ్గర పెట్టుకోండి. ట్యూషన్‌కు బస్సులో గానీ, షేర్ ఆటోలో గానీ పంపండి. పద్దెనిమిది నిండగానే లెర్నింగ్ లైసెన్స్ తీయించండి, 30 రోజుల తర్వాత టెస్టుకు పోవచ్చు.