చలికాలపు కరెంటు బిల్లు: ప్రొద్దుటూరు దంపతులకు సమాధానం

ప్రొద్దుటూరు నుంచి అమెరికాలోని కొలంబస్‌కు వచ్చిన మీరిద్దరూ మొదటి చలికాలపు కరెంటు బిల్లు చూసి బెంబేలెత్తిపోయామని రాశారు. ప్రతి డాలరునూ రూపాయల్లోకి మార్చి చూసుకునే రోజుల్లో ఆ అంకె ఎంత బాధ పెడుతుందో అనంతపురం నుంచి వచ్చిన నాకు బాగా తెలుసు. అయితే మా ఇంట్లో ఆ ఖర్చును అదుపులోకి తెచ్చుకున్నాను కాబట్టి మీకూ సాధ్యమేనని ధైర్యంగా చెప్పగలను.

ముందుగా మీ ఇంటిని వేడి చేసేది గ్యాసు మండించే ఫర్నేసా, కరెంటుతో నడిచే హీట్ పంపా అన్నది తేల్చుకోండి. గ్యాసు బిల్లు రాకుండా, చలిలో కూడా బయటి ఏసీ పెట్టె తిరుగుతూ ఉంటే అది హీట్ పంపే. ఈ ఒక్క సంగతి తెలియకనే మొదటి ఏడాది నేను చాలా డబ్బు పోగొట్టుకున్నాను. మనిషి లేని గదిలో ఫ్యాను తిరిగితే ఊరుకోని ఇంట్లో పెరిగినవాణ్ణి గనుక, ఉదయం పనికి వెళ్తూ హీటరు పూర్తిగా ఆపేసి, సాయంత్రం వణుక్కుంటూ వచ్చి, ఇంట్లో ఎంత వేడి ఉండాలో నిర్ణయించే థర్మోస్టాట్‌ను 80 డిగ్రీల ఫారన్‌హీట్‌కు పెంచేవాణ్ణి. థర్మోస్టాట్ ఎక్కడ ఆగాలో చెబుతుందే గాని, ఇల్లు ఎంత త్వరగా వేడెక్కాలో చెప్పదు. పైగా హీట్ పంపు బయటి గాలిలోని వేడిని లోపలికి తోడిపోస్తుంది గనుక, ఒక యూనిట్ కరెంటుతో రెండు మూడు యూనిట్ల వేడినిస్తుంది. ఒక్కసారిగా పది పదిహేను డిగ్రీలు పెంచమంటే అది అందుకోలేదు. అప్పుడు సాయంగా లోపలి కరెంటు కాయిళ్లు వేడెక్కుతాయి, వాటి నుంచి యూనిట్‌కు యూనిట్ మాత్రమే వస్తుంది. థర్మోస్టాట్ తెర మీద ‘ఆగ్జ్ హీట్’ (సాయపు వేడి) అన్న మాట గంటల తరబడి వెలుగుతున్నా, అది డబ్బు కాలుతున్న గుర్తని నాకు చెప్పిన మనిషి లేడు. మీకు నేను చెబుతున్నాను, విని ఆచరించండి.

హీట్ పంపయితే 68 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంచండి. మార్చినా రెండు మూడు డిగ్రీలకు మించవద్దు. యంత్రం చెడిపోతే తప్ప, కేవలం ఆ కాయిళ్లతోనే ఇంటిని వేడి చేసే ‘ఎమర్జెన్సీ హీట్’ జోలికి పోవద్దు. గ్యాసు ఫర్నేసు లెక్క వేరు: రోజుకు ఎనిమిది గంటలు 7 నుంచి 10 డిగ్రీలు తగ్గిస్తే ఏడాదికి 10 శాతం దాకా ఆదా అవుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. మిగతా వివరాలు ఆ శాఖ వెబ్‌సైటులోనే చూసుకోవచ్చు.

తర్వాత, యంత్రంలోకి వెళ్లే గాలిని వడకట్టే ఫిల్టరు. గోడకున్న పెద్ద జాలీ తెరిచి, అట్ట చట్రాన్ని బయటికి తీసి దీపానికి ఎదురుగా పట్టుకోండి. వెలుతురు కనిపించనంతగా బూడిదరంగు దుమ్ము పట్టి ఉంటే మార్చవలసిందే. కొత్తదాని మీది బాణం గుర్తు యంత్రం వైపు ఉండాలి. రోజూ పోపు వేసే మన వంటిళ్లలో నూనె ఆవిరి కూడా చేరుతుంది గనుక చలికాలంలో నెలకొకసారి చూడటం మంచిది. అయితే వంట కాగానే ఎగ్జాస్ట్ ఫ్యాను ఆపేయండి; అది పొగతో పాటు మీరు డబ్బు పెట్టి వేడి చేసిన గాలిని కూడా బయటికి తోసేస్తుంది. వాడని గదుల్లో గాలి మార్గాలు మూసేయమని కొందరు సలహా ఇస్తారు. అలా మూస్తే యంత్రం మీద ఒత్తిడి పెరుగుతుంది తప్ప లాభం ఉండదు.

వేసవిలో మన అలవాట్లలో ఒకటి పనికిరాదు, ఒకటి పనికొస్తుంది. అనంతపురం పొడి ఎండకు కిటికీ తెరిచి కూలరు పెట్టుకుంటాం. ఇక్కడ ఉక్కపోత ఎక్కువ, ఏసీకి కిటికీలన్నీ మూయాలి. థర్మోస్టాట్‌లోని ఫ్యాను మీట ‘ఆటో’లోనే ఉంచండి, ‘ఆన్’లో ఉంచితే ఏసీ చల్లటి కాయిల్ మీది తడి మళ్లీ ఇంట్లోకే వస్తుంది. ఎండ ముదరకముందే తలుపులు దగ్గరికి వేసే మన పెద్దల పద్ధతి మాత్రం పడమటి కిటికీల తెరల విషయంలో తప్పక పాటించండి. సీలింగు ఫ్యాను ఉంటే ఏసీని నాలుగు డిగ్రీలు ఎక్కువలో ఉంచినా హాయిగానే ఉంటుంది. మీరు గదిలో లేనప్పుడు ఆ ఫ్యానును ఆపేయండి.

సంక్రాంతికి ఊరికి వెళ్లేటప్పుడు ఆదా కోసమని హీటరు ఆపి వెళ్లకండి. కనీసం 55 డిగ్రీల దగ్గర ఉంచి, సింకు కింది తలుపులు తెరిచి పెట్టండి. నీళ్లు గడ్డకట్టి గొట్టం పగిలితే కింది ఇంటివారి సామానుతో సహా ఖర్చు మీ మీద పడవచ్చు కాబట్టి, బయలుదేరే ముందు అద్దె ఒప్పందంలోని ఆ షరతు ఒకసారి చదువుకోండి.