టెలిస్కోపు నుంచి ఆకాశంలోకి లేజర్ ఎందుకు వేస్తారు?

ఫొటోల్లో కనిపించే ఆ పసుపు కిరణం దేన్నీ వెలిగించి చూడ్డానికి కాదు. గాలి చేసే అల్లరిని కొలవడానికి. వాతావరణంలో వేడి, చల్లటి గాలులు కలిసి కదులుతుంటే నక్షత్రపు వెలుగు చెదురుతుంది. అందుకే అద్దం 8 మీటర్లున్నా బొమ్మ అలుక్కుపోయినట్టే వస్తుంది. పక్కనే ప్రకాశవంతమైన నక్షత్రం ఉంటే, దాని వెలుగు ఎంత చెదిరిందో చూసి సరిచేయొచ్చు. కానీ కావాల్సిన చోట అది దొరకడం అరుదు. అందుకని 589 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న లేజర్‌తో, సుమారు 90 కిలోమీటర్ల ఎత్తున ఉండే సోడియం పరమాణువులను మెరిపించి కృత్రిమ నక్షత్రాన్ని తయారుచేస్తారు.

దాన్ని చూస్తూ కంప్యూటర్ ఒక పల్చటి అద్దం ఆకారాన్ని సెకనుకు వందల సార్లు మారుస్తుంది. చిలీలోని పరనాల్‌లో ఉన్న వీఎల్‌టీ (వెరీ లార్జ్ టెలిస్కోప్) టెలిస్కోపుల్లో ఒకదానికి ఇలాంటి లేజర్లు నాలుగున్నాయి. దాని వంగే అద్దం మందం దాదాపు 2 మిల్లీమీటర్లే. వెనక 1,170 యాక్చుయేటర్లు, అంటే అద్దాన్ని అక్కడక్కడా కదిపి వంచే చిన్న పరికరాలు. వెలుగును ఇలా అప్పటికప్పుడు సరిచేయొచ్చని అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త హొరేస్ బాబ్‌కాక్ 1953లోనే చెప్పాడు. అంత వేగమైన కంప్యూటర్లు అప్పుడెక్కడివి!

ఒక చిక్కు మాత్రం ఉంది. లేజర్ పైకి వెళ్లేటప్పుడు కూడా గాలి దాన్ని పక్కకు నెడుతుంది కాబట్టి, బొమ్మ మొత్తంగా ఎటు జరిగిందో దాన్నిబట్టి తెలియదు. ఆ ఒక్కదానికీ అసలు నక్షత్రమే కావాలి, మసకదైనా సరే.