మౌస్ వాళ్ల చేతిలోనే ఉండనివ్వండి

ప్రశ్న: మా గ్రంథాలయంలో కొత్తగా మూడు కంప్యూటర్లు, వైఫై పెట్టారు. నేను సాయంత్రాలు స్వచ్ఛందంగా వెళ్లి సాయం చేస్తున్నాను. పెద్దవాళ్లు వస్తారు, నాచేత పని చేయించుకుని వెళ్లిపోతారు. నేర్చుకోవడం మాత్రం లేదు. క్లాసులు పెట్టమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: అప్పుడే వద్దమ్మా. గ్రంథాలయంలో చేరిన కొత్తలో నేనూ ఇలాగే చేసేదాన్ని. ఒకాయన నెలనెలా కరెంటు బిల్లు కట్టడానికి వచ్చేవారు. ఆయన పాస్‌వర్డ్ చెబుతుంటే నేనే కొట్టేదాన్ని. అది రెండు విధాలా తప్పు: ఆయనకు పని రాలేదు, ఆయన పాస్‌వర్డ్ నాకు తెలిసిపోయింది. అయిదో నెల మౌస్ ఆయన చేతికిచ్చి పక్కన కూర్చున్నాను. బాణం గుర్తు ఎటో పోయి కనపడకపోయేసరికి ఆయన చెయ్యి వణికింది. ఆ రోజు పావుగంట బాణాన్ని అటూ ఇటూ తిప్పడమే చేశాం. ఆ పావుగంట అందరికీ ఇవ్వండి. డబుల్ క్లిక్ కుదరనివాళ్లకు సెట్టింగుల్లో దాని వేగం తగ్గించవచ్చు. చూపు ఆనకపోతే బ్రౌజర్లో కంట్రోల్, ప్లస్ కలిపి నొక్కితే అక్షరాలు పెద్దవవుతాయి.

‘కంప్యూటర్ అంటే ఏమిటి’ అని మొదలుపెట్టకండి. ఏ పని మీద వచ్చారో అదే ఆ రోజు పాఠం. ఏది నొక్కాక ఏది నొక్కాలో వాళ్ల నోటుపుస్తకంలో, వాళ్ల మాటల్లో వాళ్లనే రాసుకోనివ్వండి.

ఒక్క విషయంలో గట్టిగా ఉండండి. అది పదిమందీ వాడే కంప్యూటర్. పాస్‌వర్డ్ దాచమంటావా అని బ్రౌజర్ అడిగితే వద్దనాలి. లేచేముందు లాగౌట్ కావాలి, డౌన్‌లోడ్ చేసిన కాగితాలు చెరిపెయ్యాలి. విండో మూస్తే చాలనుకుంటారు, చాలదు. పాస్‌వర్డ్, ఓటీపీ మీకు కూడా చెప్పనివ్వకండి. వాళ్లు కొడుతున్నప్పుడు మీరు తల పక్కకు తిప్పుకోండి. మిమ్మల్ని చూసే వాళ్లకు ఆ జాగ్రత్త అలవడుతుంది.

ఇంట్లో ఇంటర్నెట్ లేనివాళ్ల గురించి గ్రంథాలయం వాళ్లతో మాట్లాడండి. మూసేశాక కూడా వైఫై ఆన్‌లో ఉంచితే వరండాలో కూర్చుని వాడుకుంటారు. కొన్నిచోట్ల పుస్తకాల్లాగే, ఇంటర్నెట్ అందించే చిన్న హాట్‌స్పాట్ పరికరాలనూ ఇంటికిస్తున్నారు. ‘ఇది మా పని కాదు’ అంటే, ఇఫ్లా (గ్రంథాలయ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య), యునెస్కో కలిసి 2022లో సవరించిన ప్రజా గ్రంథాలయ ప్రకటన చూపించండి. అన్ని వయసులవాళ్లకూ డిజిటల్ అక్షరాస్యత అలవడేలా తోడ్పడటం గ్రంథాలయం పనేనని అందులో ఉంది.

ఇక క్లాసంటారా, ఇద్దరు ముగ్గురు ఒకే పని మీద వచ్చిన రోజు పక్కపక్కన కూర్చోబెట్టండి. ఒకరు ఇంకొకరికి చూపించడం మొదలుపెట్టగానే మీరు కాస్త వెనక్కి జరగండి.